గ్రాఫైట్ ఎక్స్ఛేంజర్ ట్యూబులు ఎందుకు విరుగుతాయి, కొత్తది ఆర్డర్ పెట్టేటప్పుడు ఏం రాయించాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఫాస్ఫారిక్ యాసిడ్‌ను 28 శాతం పీ2ఓ5 (యాసిడ్ గాఢతను చెప్పే ఫాస్ఫరస్ ఆక్సైడ్ లెక్క) నుంచి 54 శాతానికి చిక్కబరిచే వాక్యూమ్ ఎవాపరేటర్ ఉంది. దానికి నిలువుగా నిలబెట్టిన గ్రాఫైట్ షెల్ అండ్ ట్యూబ్ ఎక్స్ఛేంజర్ ఉంది, అంటే ఉక్కు షెల్ లోపల ట్యూబుల కట్ట (బండిల్) ఉండి యాసిడ్‌ను వేడిచేసే పరికరం. ట్యూబుల్లో యాసిడ్, షెల్‌లో లో ప్రెషర్ స్టీమ్. ఏడాది తిరక్కుండానే ట్యూబులు విరగడం మొదలవుతోంది. కొత్తది ఆర్డర్ పెట్టబోతున్నారు. ట్యూబు మందం పెంచమంటే మన్నిక పెరుగుతుందా? ఇంకేం అడగాలి?

మందం సంగతి ముందే చెప్పేస్తాను: దానివల్ల పెద్దగా ఒరిగేది లేదు. ఎందుకో తెలియాలంటే ముందు విరిగిన ట్యూబు ముక్కను చేతిలోకి తీసుకుని చూడండి. గోడ మందం కొత్తదాంట్లో ఉన్నంతే ఉంటుంది. అంటే యాసిడ్ దాన్ని తినలేదు. ఫినాలిక్ రెసిన్ పట్టించిన గ్రాఫైట్‌ను ఫాస్ఫారిక్ యాసిడ్ గానీ, అందులో ఉండే ఫ్లోరిన్ గానీ మీ ఉష్ణోగ్రతల దగ్గర ఏమీ చేయలేవు. ఇప్పుడు విరిగిన తీరు చూడండి. సుద్దముక్కను విరిచినట్టు అడ్డంగా విరిగితే లాగుడు వల్లో వంగడం వల్లో విరిగినట్టు. నిలువునా చీలితే హ్యామర్‌ను, అంటే నిలిచిన నీటి మీద ఆవిరి ఒక్కసారిగా కూలి తగిలే దెబ్బను, అనుమానించాలి. ట్యూబు బాగానే ఉండి ట్యూబ్‌షీట్‌లోంచి (ట్యూబుల చివరలు అతికించిన రంధ్రాల పలకలోంచి) ఊడి వస్తే తప్పు సిమెంటు జాయింటుది. ఎక్కువ బండిళ్లలో కనిపించేది మొదటి రకమే. ఏ ఎత్తులో విరిగిందో కూడా రాసుకోండి. పైన స్టీమ్ నాజిల్ ఎదురుగానా, బ్యాఫిల్ (ట్యూబులను మధ్యలో పట్టి ఉంచే పలక) అంచు దగ్గరా, కింద కండెన్సేట్ (స్టీమ్ నీరుగా మారినది) నిలిచే చోటా అన్నది తెలిస్తే సగం కారణం దొరికినట్టే.

గ్రాఫైట్ నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్చుకోదు. మామూలు గ్రేడుల్లో నొక్కుడు బలం 60 నుంచి 80 మెగాపాస్కల్ ఉంటే, తన్యత బలం, అంటే లాగుడును ఓర్చే బలం, 15 నుంచి 20 దగ్గరే ఆగిపోతుంది. ఉక్కులా సాగి, వంగి సర్దుకునే గుణం దానికి లేదు. హద్దు దాటితే పుటుక్కున విరుగుతుంది. అందుకే ఒత్తిడి పాత్రలకు అమెరికా ఇంజినీర్ల సంస్థ ఏఎస్ఎంఈ రాసిన కోడ్ సెక్షన్ 8, డివిజన్ 1లో గ్రాఫైట్ కోసం యూఐజీ అనే భాగాన్ని విడిగా పెట్టి, డిజైన్ ఫ్యాక్టర్‌ను (బలంలో ఎన్నో వంతే వాడుకోవాలన్న భద్రతా అంకెను) 6గా, ప్రాణాంతక వాయువులకు, ద్రవాలకు 7గా ఉంచారు. ట్యూబు ఎప్పుడూ లాగుడులోకి వెళ్లకుండా, ఊగకుండా, దెబ్బ తినకుండా చూడటమే ఈ పరికరం డిజైన్‌లో అసలు పని. ఉష్ణ బదిలీ లెక్క దాని ముందు చాలా తేలిక.

లెక్కల కోసం ఒక సైజు అనుకుందాం. గంటకు 10 టన్నుల పీ2ఓ5 తీసే యూనిట్ అయితే, టన్నుకు సుమారు 1.72 టన్నుల నీరు ఆవిరి కావాలి, అంటే గంటకు 17 టన్నుల పైచిలుకు. ఫీడ్ వేడెక్కడానికి పోయేది కూడా కలుపుకుంటే 12 మెగావాట్ల వేడి. యాసిడ్ ఒక్క పాస్‌లో 84 నుంచి 88 డిగ్రీలకు, అంటే 4 డిగ్రీలు మాత్రమే పెరగాలంటే గంటకు దాదాపు 3,400 ఘనపు మీటర్లు తిప్పాలి. 37 మి.మీ. బయటి వ్యాసం, 25 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న ట్యూబుల్లో సెకనుకు 2.2 మీటర్ల వేగం కావాలంటే 870 ట్యూబులు పడతాయి. 5 మీటర్ల పొడవుకు బయటి విస్తీర్ణం 500 చదరపు మీటర్లు. 118 డిగ్రీల స్టీమ్‌తో ఓవరాల్ కోఎఫిషియెంట్ (ఒక్కో చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు దాటే వేడి) 740 వాట్ల చుట్టూ వస్తుంది. ఈ సర్వీసుకు అది మామూలు అంకె.

ఇప్పుడు వ్యాకోచం. ఒక మీటరు ఉక్కు 100 డిగ్రీలు వేడెక్కితే 1.2 మి.మీ. పెరుగుతుంది. గ్రాఫైట్ ట్యూబు గ్రేడును బట్టి 0.4 నుంచి 0.5 మి.మీ. పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర బిగించిన 5 మీటర్ల షెల్ 118 డిగ్రీలకు వెళ్తే 5.3 మి.మీ. పెరుగుతుంది. గోడ సగటు 100 డిగ్రీలుండే ట్యూబు పెరిగేది 1.6 మి.మీ. తేడా 3.7 మి.మీ. తేలే చివర, అంటే ఫ్లోటింగ్ ట్యూబ్‌షీట్, ఆ 3.7 మి.మీ. షెల్ లోపలికి జారగలిగితే ట్యూబులకు ఏ బాధా లేదు. అది తుప్పుకో, బిగిసిన ప్యాకింగ్‌కో పట్టుకుపోయి కదల్లేదనుకోండి, షెల్ ఆ ట్యూబులను లాగుతుంది. 14 గిగాపాస్కల్ స్థితిస్థాపకతతో లెక్క వేస్తే ఒక్కో ట్యూబులో 10 మెగాపాస్కల్ లాగుడు వస్తుంది. తన్యత బలంలో సగానికి పైన అక్కడే అయిపోయింది. దాని మీద ట్యూబు ఊగడం, పంపు స్టార్టయినప్పటి కుదుపు కూడా తోడైతే సిమెంటు జాయింటు దగ్గరో, మొదటి బ్యాఫిల్ దగ్గరో విరుగుతుంది.

మందం ఎందుకు పనికిరాదో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఈ లాగుడు బరువు వల్ల వచ్చింది కాదు, సాగదీయడం వల్ల వచ్చింది. ట్యూబు 6 మి.మీ. మందమున్నా 8 మి.మీ. ఉన్నా 5 మీటర్లలో 3.7 మి.మీ. సాగదీస్తే ఒత్తిడి అదే 10 మెగాపాస్కల్. పైగా మందం ఎక్కువైన ట్యూబులు ట్యూబ్‌షీట్‌ను ఇంకా ఎక్కువ బలంతో గుంజుతాయి.

కాబట్టి స్పెసిఫికేషన్‌లో ఎక్కువ సేపు కూర్చోవాల్సింది ఫ్లోటింగ్ ఎండ్ దగ్గర. ట్యూబ్‌షీట్ జారే చోట షెల్ లోపలి ముఖం మామూలు కార్బన్ స్టీల్‌గా వదిలేస్తే ఆర్నెల్లలో తుప్పు పొర లేచి ఓ-రింగును, ట్యూబ్‌షీట్‌ను కలిపి పట్టేస్తుంది. ఆ పట్టీలో 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీల్ వెల్డ్ ఓవర్‌లే వేసి, మెషినింగ్ చేసి, నున్నగా ఇవ్వమని రాయించండి. ఖర్చు మొత్తంలో అది చాలా చిన్న వాటా. సీల్ ఒకటి కాదు, రెండు పెట్టించండి. రెండింటి మధ్య లాంటర్న్ రింగ్ (సీళ్ల మధ్య ఖాళీ ఉంచే వలయం), దాని నుంచి బయటికి ఒక చిన్న రంధ్రం ఉండాలి. స్టీమ్ వైపు సీల్ పోతే ఆవిరి, యాసిడ్ వైపుది పోతే యాసిడ్ చుక్క ఆ రంధ్రంలోంచి కనిపిస్తుంది. ఒకదానిలోకి ఒకటి కలవదు. ఓ-రింగు ఈపీడీఎం రబ్బరుది అయితే ఈ స్టీమ్ ఉష్ణోగ్రతకు నిలుస్తుంది. వైటన్ ఖరీదైనది కాబట్టి మంచిదనుకుని మామూలు గ్రేడు వేస్తే వేడి స్టీమ్‌లో గట్టిపడి పగుళ్లిస్తుంది. గ్లాండ్ ప్యాకింగ్ అయితే టెఫ్లాన్ అల్లికది వాడి, ఎంత బిగించాలో డ్రాయింగ్ మీద రాయించాలి. కారుతోంది కదా అని ఫిట్టర్ నట్టును ఒక ఫ్లాట్ (ఆరో వంతు చుట్టు) తిప్పడం, మర్నాడు షిఫ్టు ఇంకో ఫ్లాట్ తిప్పడం, ఇలా నెల తిరిగేసరికి ఫ్లోటింగ్ ఎండ్ కాస్తా ఫిక్స్‌డ్ ఎండ్ అయిపోతుంది.

స్ప్రింగులదీ అదే కథ. హెడర్‌ను (యాసిడ్‌ను ట్యూబులకు పంచే చివరి మూతను) ట్యూబ్‌షీట్ మీద నొక్కి పట్టే బోల్టుల కింద స్ప్రింగులుంటాయి. వేడికి వచ్చే కదలికను అవి మింగాలి, గాస్కెట్ మీద నొక్కుడు తగ్గకుండా చూడాలి. మన లెక్కలో 3.7 మి.మీ. వచ్చింది కాబట్టి బిగించిన తర్వాత కూడా స్ప్రింగులో 8 నుంచి 10 మి.మీ. ఖాళీ కదలిక మిగలాలని అడగండి. బిగించిన పొడవు ఎంతో మిల్లీమీటర్లలో డ్రాయింగ్ మీద ఉండాలి, టార్క్ ఒక్కటి రాస్తే చాలదు. నడుస్తున్న ఎక్స్ఛేంజర్ దగ్గరికి వెళ్లి స్ప్రింగు చుట్ల మధ్య చూడండి. చుట్టు చుట్టుకు ఆనుకుని, మధ్యలో గోరు కూడా దూరకపోతే అక్కడున్నది స్ప్రింగు కాదు, ఉక్కు బుష్. లీకేజీ ఆపడానికి ఎవరో నట్టు తిప్పేశారు. పాత బండిల్ విరగడానికి మీ దగ్గర ఇదే కారణం కావచ్చు. కొత్తది ఆర్డర్ పెట్టే ముందు ఒకసారి చూసి రండి.

నిలువు ఎక్స్ఛేంజర్‌లో ఏ చివర తేలాలన్నది తయారీదారుల మధ్య తేడాగా ఉంటుంది. ఏ చివర తేలినా ఆ ట్యూబ్‌షీట్ బరువు, హెడర్ బరువు, అందులోని యాసిడ్ బరువు ట్యూబులకు వేలాడకూడదు. కింది చివర తేలేలా ఇస్తే ఆ బరువును సపోర్టు స్ప్రింగులే మోస్తాయని లెక్కతో చూపించమనండి. ఎంచుకునే వీలుంటే కింద ఫిక్స్‌డ్, పైన ఫ్లోటింగ్ నయం. సొంత బరువుకు ట్యూబులు నొక్కుడులోనే ఉంటాయి. ఏది ఎంచుకున్నా ట్యూబ్ వైపు ఒత్తిడి ఒక్కటే ఉన్నప్పుడు, షెల్ వైపు ఒక్కటే ఉన్నప్పుడు, షెల్ వాక్యూమ్‌లోకి పోయినప్పుడు, రెండూ కలిసి ఉన్నప్పుడు ట్యూబులో వచ్చే లాగుడు ఎంతో ఒక పట్టికగా అడగండి. ఆ పట్టిక ఇవ్వలేని తయారీదారు దగ్గర ధర తక్కువైనా ఆలోచించాల్సిందే.

పైపులు కూడా హెడర్‌ను గుంజుతాయి. ఇంత పెద్ద వ్యాసంలో సర్క్యులేషన్ పైపు, అందులో 1.6 సాంద్రత ఉన్న యాసిడ్, ఆ బరువు ఏ కొంచెం పక్కకు లాగినా ట్యూబ్‌షీట్‌కే తగులుతుంది. పైపును విడిగా మోయించి, తేలే చివర నాజిల్ దగ్గర బెల్లోస్ (కదలికకు సాగే ముడతల గొట్టం) పెట్టాలి. ఈ సర్వీసులో హెడర్లు రబ్బరు లైనింగ్ వేసిన ఉక్కువైతేనే మేలు. పెద్ద గ్రాఫైట్ హెడర్ బరువుకూ భయమే, దెబ్బకూ భయమే.

ఇక ఊగడం. 37/25 ట్యూబు లోపల యాసిడ్‌తో మీటరుకు 1.9 కిలోలు ఉంటుంది. బ్యాఫిళ్ల మధ్య దూరం 1 మీటరైతే దాని సహజ ఫ్రీక్వెన్సీ 37 హెర్ట్జ్ దగ్గర. అదే దూరాన్ని 600 మి.మీ.కి తగ్గిస్తే 100 హెర్ట్జ్ దాటుతుంది. బ్యాఫిళ్లు మార్చకుండా ట్యూబును 40 మి.మీ. బయటి వ్యాసానికి మందం చేస్తే పెరిగేది 10 శాతమే. మీరు మందానికి పెట్టదలచుకున్న డబ్బు బ్యాఫిళ్లకు పెడితే చాలు. షెల్ అంతటా 600 మి.మీ. మించకుండా, స్టీమ్ నాజిల్ ఎదురుగా ఉన్న స్పాన్ (రెండు బ్యాఫిళ్ల మధ్య దూరం) మాత్రం 400 దగ్గర ఉంచండి. స్టీమ్ ఘనీభవించే సర్వీసులో బ్యాఫిల్ పని ప్రవాహాన్ని మళ్లించడం కాదు, ట్యూబును పట్టుకోవడం. కాబట్టి ఎక్కువ పెడితే ఉష్ణ బదిలీకి నష్టమేమీ ఉండదు.

బ్యాఫిల్ దేనితో చేశారన్నది కూడా ముఖ్యం. పలుచని ఉక్కు రేకుకు రంధ్రాలు వేసి ఇస్తే ఆ అంచు గ్రాఫైట్‌ను రంపంలా కోస్తుంది. బ్యాఫిల్ దగ్గర విరిగిన ట్యూబుల్లో చుట్టూ సన్నని గాడి కనిపిస్తే అర్థం అదే. గ్రాఫైట్‌తో గానీ, గట్టిదనం కోసం ఫిల్లర్ కలిపిన మందపాటి టెఫ్లాన్‌తో గానీ చేయించండి. పాలీప్రొపిలీన్ ఈ వేడికి మెత్తబడుతుంది. రంధ్రం అంచులు రెండు వైపులా గుండ్రంగా తీయాలి. రంధ్రానికీ ట్యూబుకీ మధ్య సందు మిల్లీమీటరు లోపే ఉండాలి. వదులైతే ట్యూబు కొట్టుకుంటుంది, బిగుతైతే వ్యాకోచానికి జారదు.

స్టీమ్ నాజిల్ సైజు దగ్గర చాలామంది కక్కుర్తి పడతారు. మన ఉదాహరణకు గంటకు దాదాపు 20 టన్నుల స్టీమ్ కావాలి, 118 డిగ్రీల దగ్గర అది సెకనుకు 5 ఘనపు మీటర్ల పైమాటే. 400 మి.మీ. నాజిల్ పెడితే వేగం సెకనుకు 40 మీటర్లు దాటుతుంది, 600 పెడితే 18 దగ్గర ఉంటుంది. తాకిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 400 దగ్గర దెబ్బ దాదాపు ఐదు రెట్లు. సంతృప్త ఆవిరి ఏ వేగంతో వచ్చినా ఇంపింజ్‌మెంట్ రక్షణ (ఆవిరి నేరుగా ట్యూబులకు తగలకుండా అడ్డు) ఉండాలని ఎక్స్ఛేంజర్ తయారీదారుల ప్రమాణం టెమా చెబుతుంది. ఒక ప్లేటు పెట్టి వదిలేయకుండా నాజిల్ చుట్టూ షెల్‌కు స్టీమ్ బెల్టు పెట్టించండి. స్టీమ్ షెల్ చుట్టూ తిరిగి, అన్ని వైపుల నుంచీ మెల్లగా లోపలికి రావాలి. పలుచని ప్లేటును నాలుగు చోట్ల వెల్డ్ చేస్తే అది ఊగి ఊగి ఊడి ట్యూబుల మీద పడుతుంది. అది లేకపోవడం కన్నా ఎక్కువ నష్టం.

స్టీమ్ సల్ఫ్యూరిక్ యాసిడ్ ప్లాంటు టర్బైన్ నుంచి వస్తుంటే, అది సూపర్‌హీట్‌లో, అంటే సంతృప్త ఉష్ణోగ్రత కన్నా ఎక్కువ వేడిలో, ఉండే అవకాశం ఎక్కువ. ఫినాలిక్ రెసిన్‌కు 170 డిగ్రీల పైన నమ్మకం పెట్టుకోకూడదు. ఈ సర్వీసులో అయితే 120 దాటించాల్సిన అవసరమే లేదు, దాటిస్తే గోడ వేడెక్కి స్కేల్ (యాసిడ్‌లోని లవణాల గట్టి పొర) త్వరగా పేరుకుంటుంది. నీళ్లు చల్లి ఆ అదనపు వేడిని తీసే డీసూపర్‌హీటర్ తప్పనిసరి. దాన్ని ఎక్స్ఛేంజర్ ముక్కు దగ్గర పెడితే ఆవిరి కాని నీటి బిందువులు తుపాకీ రవ్వల్లా ట్యూబులకు తగులుతాయి. కనీసం 10 మీటర్ల నేరు పైపు, ఆ తర్వాత ఒక సెపరేటర్, దాని తర్వాతే నాజిల్.

కండెన్సేట్ బయటికి పోకపోతే కింది ట్యూబ్‌షీట్ మీద నిలుస్తుంది, చల్లబడుతుంది, దాని మీదికి వేడి స్టీమ్ వస్తే బుడగ ఒక్కసారిగా కూలి హ్యామర్ వస్తుంది. బయట నిలబడితే గోడకు సుత్తితో కొట్టినట్టు వినబడుతుంది. ఉక్కు ట్యూబులు దాన్ని ఓర్చుకుంటాయి, గ్రాఫైట్ ఓర్చుకోదు. ఇంత పరిమాణానికి ఒక్క ట్రాప్ (స్టీమ్‌ను ఆపి నీటినే వదిలే వాల్వు) మీద ఆధారపడకుండా కింద కండెన్సేట్ పాట్, లెవల్ కంట్రోలు పెట్టండి. నాజిల్‌ను ట్యూబ్‌షీట్‌కు వీలైనంత ఆనుకుని తీయించండి. నాజిల్ 150 మి.మీ. పైన ఉంటే కింద ఆ 150 మి.మీ. నీరు ఎప్పటికీ నిలిచే ఉంటుంది. గాలి పోవడానికి రెండు వెంట్లు కావాలి, ఒకటి పై ట్యూబ్‌షీట్ కింద, ఒకటి కండెన్సేట్ మట్టానికి కాస్త పైన. స్టీమ్ ఆపగానే షెల్ వాక్యూమ్‌లోకి పోతుంది, కండెన్సేట్ వెనక్కి ఎగదన్నుతుంది. అందుకే షెల్ మీద వాక్యూమ్ బ్రేకర్ ఉండాలి. కండెన్సేట్ లైన్‌లో కండక్టివిటీ మీటరు, దానికి కట్టిన త్రీ-వే వాల్వు లేకుండా కండెన్సేట్‌ను బాయిలర్‌కు పంపకండి. నడుస్తున్నప్పుడు లీకయితే సాధారణంగా స్టీమే యాసిడ్‌లోకి పోతుంది, ఎవరికీ తెలియదు. ఆపినప్పుడు యాసిడ్ షెల్‌లోకి వస్తుంది. మళ్లీ స్టార్ట్ చేసిన మొదటి పావుగంటలో ఆ యాసిడంతా బాయిలర్ దారి పడుతుంది.

మెటీరియల్ విషయంలో ఒక మోసం జరిగే చోటుంది. గ్రాఫైట్ ట్యూబు అనే పేరుతో రెండు రకాలు అమ్ముతారు. ఒకటి ఎలక్ట్రోగ్రాఫైట్‌గా కాల్చి తర్వాత రెసిన్ పట్టించినది, దాని ఉష్ణ వాహకత 100 వాట్లు దాటుతుంది. రెండోది గ్రాఫైట్ పొడిని రెసిన్‌తో కలిపి ట్యూబుగా తీసి ఉడికించినది, అది 30–40 దగ్గరే ఆగుతుంది, వేడికి ఎక్కువ పెరుగుతుంది కూడా. మొదటి రకంలో గోడ నిరోధం మొత్తంలో 5 శాతం కూడా ఉండదు, రెండో రకంలో 13 శాతం దగ్గరికి పోతుంది. దేన్ని ఇస్తున్నారో కొటేషన్‌లోనే రాయించి, వాహకత, తన్యత బలం పరీక్షలు మీ బ్యాచ్ ట్యూబుల మీదే చేయించండి, కేటలాగు అంకెలు ఒప్పుకోవద్దు. కార్బన్ ఫైబర్ చుట్టిన ట్యూబులు కూడా దొరుకుతాయి. లోపలి ఒత్తిడి కుదుపులకు, చీలికలకు అవి మంచివి. ఫ్లోటింగ్ ఎండ్ పట్టుకుపోతే మాత్రం అవీ కాపాడలేవు.

ట్యూబ్‌షీట్ మన ఉదాహరణలో ఒకటిన్నర మీటరు వ్యాసం వస్తుంది. అంత పెద్దది సాధారణంగా ముక్కలు అతికించి చేస్తారు, అందులో తప్పేమీ లేదు. అడగాల్సింది వేరు. మందపాటి దిమ్మలో రెసిన్ నడిమధ్య దాకా సమంగా చేరకపోవచ్చు. రంధ్రాలు వేయగానే రెసిన్ అందని రంధ్రాల గోడలు బయటపడతాయి. డ్రిల్లింగ్ అయ్యాక మళ్లీ ఇంప్రెగ్నేషన్ (రెసిన్ పట్టించడం) చేయాలని రాయించండి. ట్యూబు చివర, ట్యూబ్‌షీట్ రంధ్రం రెండూ సన్నగా కోన్ ఆకారంలో తీసి అతికిస్తే సిమెంటు పొర పలుచగా, చుట్టూ సమంగా వస్తుంది. పొర మందమైతే ఉడికేటప్పుడు కుంచించుకుపోయి జుట్టంత పగుళ్లు వస్తాయి. ట్యూబుకు మధ్యలో అతుకు ఉంటే అది స్టీమ్ నాజిల్ ఎదురుగా పడకుండా, అన్ని ట్యూబుల అతుకులూ ఒకే ఎత్తులో రాకుండా చూడాలి.

స్కేల్ గురించి. ఫ్లోరోసిలికేట్లు, జిప్సం పేరుకోవడం ఎలాగూ ఆగదు, నెమ్మదింపజేయడమే మన చేతిలో ఉన్నది. 1 మి.మీ. స్కేల్ నిరోధం గ్రాఫైట్ గోడ నిరోధానికి పది రెట్ల పైనే. వేగం 1.5 మీటర్ల కన్నా తగ్గితే స్కేల్ తొందరగా పడుతుంది, 3 దాటితే జిప్సం రేణువులు ట్యూబు మూతిని అరగదీస్తాయి. ఒక్క పాస్‌లో 5 డిగ్రీలకు మించి వేడెక్కనివ్వకండి. ట్యూబుల్లోనే యాసిడ్ మరిగితే పై మీటరులో స్కేల్ రాయిలా కడుతుంది. దాన్ని ఆపడానికి పై ట్యూబ్‌షీట్ మీద యాసిడ్ మట్టం 2 మీటర్లకు తగ్గకుండా ఫ్లాష్ వెసెల్ (వాక్యూమ్‌లో యాసిడ్ మరిగే పాత్ర) ఎత్తు పెట్టుకోవాలి. ఎక్స్ఛేంజర్ కింద ఒక స్ట్రైనర్ తప్పనిసరి. వెసెల్ గోడల నుంచి ఊడిన స్కేల్ పెచ్చులు, రబ్బరు లైనింగ్ ముక్కలు 25 మి.మీ. ట్యూబులో సరిగ్గా అడ్డం పడతాయి.

మూసుకుపోయిన ట్యూబు వేడెక్కి, పెరిగి విరుగుతుందని ఒక మాట వాడుకలో ఉంది. లెక్క వేస్తే పక్క ట్యూబులకు దానికి 18 డిగ్రీల తేడా, దానితో వచ్చే ఒత్తిడి 1 మెగాపాస్కల్ పైచిలుకు, అదీ నొక్కుడు. దాంతోనే ట్యూబు విరగదు. ఎక్కువసార్లు విరిచేది ఆ మూసుకున్న ట్యూబును తెరవడానికి దూర్చిన ఇనుప కడ్డీ. నైలాన్ బ్రష్, వంగే షాఫ్ట్ తప్ప ఇంకేదీ లోపలికి పోకూడదు. హైడ్రో జెట్ వాడితే తయారీదారు రాతపూర్వకంగా ఇచ్చిన ఒత్తిడి లోపలే. వారానికోసారి 60–70 డిగ్రీల నీళ్లతో, అవసరమైతే 3 నుంచి 5 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపి కడిగితే మెకానికల్ క్లీనింగ్ అవసరమే చాలా తగ్గుతుంది. కాస్టిక్ సోడా, బ్లీచింగ్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఫినాలిక్ రెసిన్‌ను, సిమెంటును అవి తినేస్తాయి, ఆ నష్టం వెంటనే కనిపించదు.

ఆపరేషన్‌కు సంబంధించినవి కూడా డిజైన్‌లోనే పెట్టాలి, ఎస్ఓపీలో (పని పద్ధతుల పత్రంలో) రాసి ఊరుకుంటే జరగవు. పంపు మోటారు ఆంపియర్లు పడిపోయినా, ఫ్లో తగ్గినా స్టీమ్ వాల్వు దానంతటదే మూసుకోవాలి. పంపు నడవకుండా స్టీమ్ వాల్వు తెరుచుకోకూడదు. మెయిన్ వాల్వుకు 50 మి.మీ. బైపాస్ పెట్టి, చల్లటి ఎక్స్ఛేంజర్‌ను ముందు దాంతో అరగంట నుంచి ముప్పావుగంట వేడిచేసి, కండెన్సేట్ పారడం చూశాకే పెద్దది తెరవాలి. ఆపేటప్పుడు ముందు స్టీమ్, పావుగంట తర్వాత పంపు.

ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లినప్పుడు మొదట షెల్ వైపు హైడ్రోటెస్ట్ (నీళ్లు నింపి ఒత్తిడి పెట్టే పరీక్ష) చేయించండి, హెడర్లు తీసేసి. ప్రతి ట్యూబు మూతి, ప్రతి జాయింటు కంటికి కనిపిస్తుంది, టార్చి వేసి ఒక్కో వరుసా చూడాలి, కనీసం అరగంట ఒత్తిడి పట్టి ఉంచాలి. తర్వాతే ట్యూబ్ వైపు. ఫ్లోటింగ్ ట్యూబ్‌షీట్ నిజంగా తేలుతోందో లేదో డయల్ గేజ్ పెట్టి చూపించమనండి. ఈ పని చాలామంది చేయరు, చేయిస్తే రెండు గంటలు కూడా పట్టదు. రవాణాకు షెల్ సాడిల్స్ మీద పడుకోబెట్టి, షాక్ రికార్డర్ తగిలించి పంపాలి. సైట్‌లో నిలబెట్టేటప్పుడు రెండు క్రేన్లు కావాలి, స్లింగులు షెల్ లగ్గులకే వేయాలి. హెడర్‌కు గానీ నాజిల్‌కు గానీ స్లింగు వేసి లేపితే అక్కడే కొన్ని ట్యూబులకు వారంటీ అయిపోయినట్టు. నిలబెట్టాక, పైపులు కలపకముందు ఇంకోసారి షెల్ టెస్ట్.

ఆర్డర్‌తో పాటే కోన్ గ్రాఫైట్ ప్లగ్గులు 50, సిమెంటు కిట్లు, సీల్ సెట్లు రెండు తీసుకోండి. సిమెంటుకు ఎక్స్‌పైరీ ఉంటుంది, ఏసీ గదిలో పెట్టాలి, స్టోర్స్‌లో రేకుల షెడ్డు కింద వేసవి దాటితే పనికిరాదు. ట్యూబు ప్లగ్ చేసిన ప్రతిసారీ ట్యూబ్‌షీట్ నక్షా మీద ఆ గడి నింపి తేదీ వేయండి. గడులు స్టీమ్ నాజిల్ వైపు గుమిగూడితే బెల్టును, బ్యాఫిళ్లను చూడాలి. అంచుల చుట్టూ వలయంలా వస్తే ఫ్లోటింగ్ ఎండ్‌ను, పైపుల గుంజుడును చూడాలి. అక్కడక్కడా చెదురుగా ఉంటే శుభ్రం చేసే పద్ధతినే అనుమానించాలి. మీ పాత బండిల్‌కు అలాంటి నక్షా లేకపోతే స్క్రాప్‌కు పంపేముందు ట్యూబ్‌షీట్‌ను ఫొటో తీసి, ప్లగ్గులు లెక్కబెట్టి గీసుకోండి. కొత్త స్పెసిఫికేషన్‌కు అదే మొదటి పేజీ కావాలి.